విశాఖలో విడిచిన చొక్కా

ఎడారిలో ఓడ

ఒక ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరుతూ ఫోన్ తెరిచి చూస్తే మా మేనల్లుడి ఓడ ఎడారి మధ్యలో ఉంది. ఎటు చూసినా ఇసుక రంగే. సముద్రం వేలెడు దూరంలో నీలంగా పడుకుని ఉంది. వేలెడు అంటే ఫోన్ మీద. నేల మీద ఎన్ని మైళ్లో మరి.

ఓడలు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో చూపించే యాప్ అది. ఒక్కో ఓడకు ఒక్కో బాణం గుర్తు. అక్క కొడుకు ప్రశాంత్ ఒక సరుకుల ఓడలో డెక్ మీద పనిచేస్తాడు. ఆ పేరు పెట్టింది నేనే. ఆ పేరుతో ఒక మహాసముద్రం ఉందని అప్పుడు గుర్తు రాలేదు. తీరా ఉద్యోగం వచ్చాక వాడికి దక్కినవన్నీ అశాంత సముద్రాలే. వాడి ఓడ ఎర్ర సముద్రం వైపు తిరిగినప్పటి నుంచి, జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు ముట్టి చూసినట్టు, ఇంట్లో అందరం గంటకోసారి ఆ బాణాన్ని ముట్టి చూస్తున్నాం.

నాకు ఓడల గురించి తెలిసింది తక్కువ. మాది ఓరుగల్లు, ఒకే రాయి మీద పేరు తెచ్చుకున్న ఊరు. రాయికి నీళ్లతో ఉన్న సంబంధం ఒక్కటే, మునగడం. హన్మకొండలో పెళ్లికార్డులు అచ్చేసే చిన్న ప్రెస్సు నాది. వాట్సాప్ వచ్చాక అది కూడా అలలూ తుఫానూ లేకుండానే మెల్లమెల్లగా మునుగుతోంది. అయినా ఓడ ఇసుకలో నడవదని తెలుసుకోవడానికి ఆ మాత్రం చదువు చాలు.

ఇంతలో అక్క ఫోన్ చేసింది. మా అక్క పేరు సువార్తమ్మ. కొడుకు ఓడెక్కిన నాటి నుంచి ఆమె చెవిన పడేవన్నీ చెడు వార్తలే.

“తమ్మీ, ఓడ రోడ్డెక్కింది చూసినవా? ఓడకు టైర్లుంటయా?”

“ఉండవక్కా.”

“మరి గక్కడికెట్ల పోయింది?”

మధ్యాహ్నానికి ఆ బాణం కూడా మాయమైంది. రెండు రోజులు అక్క అన్నం ముట్టలేదు. నేను ముట్టాను గానీ రుచి తెలియలేదు.

మూడోరోజు ప్రశాంత్ ఫోన్ చేసి నవ్వుతూ చెప్పాడు. ఆ నీళ్లలో ఎవరో ఉపగ్రహాల సంకేతాలను చెడగొడతారట. అప్పుడు ఓడ ఒకచోట ఉంటే పటంలో ఇంకోచోట కనిపిస్తుంది. అసలు ప్రమాదమున్న చోటు రాగానే కెప్టెనే ఓడ జాడ చెప్పే యంత్రాన్ని ఆపేస్తాడట. ఒడ్డు మీద క్షిపణి పెట్టుకుని కూర్చున్నవాడి దగ్గర కూడా మా దగ్గరున్న యాప్ లాంటిదే ఉంటుంది కదా. మేం ప్రేమతో చూస్తున్న బాణాన్ని ఇంకెవరో గురి పెట్టి చూస్తున్నారు.

ఓడ విశాఖపట్నం వచ్చి ఎరువు దించుతుందనీ, దించాక మళ్లీ అదే దారిలో వెనక్కి పోతుందనీ వాడే చెప్పాడు. అలాంటి నీళ్లలోకి వెళ్లే ముందు ప్రతి నావికుడూ ‘నా ఇష్టంతోనే వస్తున్నాను’ అని కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే దిగి ఇంటికి పోవచ్చు, ఎవరూ ఏమీ అనకూడదు.

అక్కకు ఆ చివరి వాక్యం ఒక్కటే వినిపించింది. బావ కేసముద్రం మార్కెట్ యార్డులో కాంటా వేసే మనిషి. మొక్కజొన్న మక్కలొచ్చే కాలంలో కదలలేడు. అందుకని నన్ను తోడు అడిగింది.

“సంతకం పెట్టకముందే పోదాం తమ్మీ. వాణ్ణి దింపుకొని వద్దాం.”

అక్క డబ్బా

మా క్రైస్తవ ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సంవత్సరం ఆరాధనలో ‘వాగ్దానం’ తీస్తాం. వాక్యం అచ్చేసిన చిన్న కార్డులు వరుసగా ఉంటాయి. కళ్లు మూసుకుని ఒకటి తీస్తే, ఆ ఏడాదికి దేవుడు మనతో అన్న మాట అదే. మా అక్కకు ఏడాదికొక్క మాట చాలదు. రేకు డబ్బాలో వంద కార్డులు నిలువుగా బిగించి పెట్టుకుంది. బర్రెను కొనాలన్నా, మోకాలు ఆపరేషన్‌కు దవాఖాన ఎంచుకోవాలన్నా అందులోంచి ఒకటి తీసి చూడాల్సిందే. ప్రశాంత్ మొదటిసారి ఓడెక్కే ముందు తీసిన కార్డు దూరపు నీళ్ల ఊసెత్తింది. అక్క పంపింది.

“ఇప్పుడు మళ్ల వానితోనే తీయిస్త,” అంది. “ఆగుమంటే ఆగుతడు. పొమ్మంటే...” అని ఆగిపోయి, డబ్బా మీద లేని దుమ్ము తుడిచింది.

ఆ కార్డులు అచ్చేసింది నేనే. ఏ పేజీలో ఏ మాట పడిందో నాకు తెలుసు. “కార్డులు నలిగినయక్కా, జర సాపు చేసి ఇస్త,” అని డబ్బా ప్రెస్సుకు తెచ్చాను. నీళ్ల ప్రస్తావన ఉన్నవన్నీ తీసేశాను. తర్వాత దారి గురించినవి. ప్రయాణం గురించినవి. రెక్కలు. చివరికి ధైర్యం కూడా తీసేశాను, ధైర్యం చాలా ప్రమాదకరమైన సరుకు. ఇల్లు, నీడ, విశ్రాంతి, తల్లి మాట వినడం లాంటివి ముప్ఫై మిగిలాయి. డబ్బా వదులుగా ఉంటే అక్క పసిగడుతుందని, వెనక పెళ్లికార్డుల అట్టముక్కలు దోపి బిగించాను. దేవుడి మాటకు ప్రూఫ్ దిద్దిన ఘనుణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే అయివుంటాను. తప్పని తెలుసు. భయం తప్పొప్పులను చదవనీయదు.

మొదటి రోజు: మా సముద్రం దాటాక

వరంగల్‌లో పొద్దున రైలెక్కాం. కాసేపటికి కేసముద్రం వచ్చింది. ఊరి పేరులో తప్ప అక్కడ ఎక్కడా సముద్రం లేదు. ఉన్న అలలన్నీ మక్కచేలవే. ప్రశాంత్ చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఆ చేలలో మంచె ఎక్కి చిలుకలను తోలేవాడు. వడిసెల తిప్పుతూ వాడు కేకేస్తే రైలు పట్టాల దాకా వినిపించేదని అక్క అంటుంది. ఆ రోజు కిటికీకి నుదురు ఆనించి చేలనే చూసింది.

ఖమ్మంలో ఒక పెద్దమనిషి ఎక్కి మా ఎదురు సీట్లో కూర్చున్నాడు. నౌకాదళంలో ఇరవై ఏళ్లు చేసి రిటైరయ్యాడట, అనకాపల్లిలో దిగుతాడట. మా వైపు కొత్తవాణ్ణి ‘అన్నా’ అంటాం. ఆయన నన్ను ‘మాస్టారూ’ అన్నాడు. జీవితంలో ఎవరికీ ఒక్క అక్షరం చెప్పని నాకు ఆ బిరుదు విజయవాడ దాటేదాకా చక్కిలిగింతలు పెట్టింది.

అక్క సర్వపిండి విప్పింది. బియ్యప్పిండిలో పల్లీలు కలిపి గిన్నెకు అద్ది కాల్చే మా ఊరి రొట్టె. ఆయనకూ ఒకటి పెట్టింది. మా పని చెప్పగానే ఆయన దాన్ని తినకుండా కాగితం మధ్యలో పెట్టాడు.

“ఇది యుద్ధనౌక అనుకోండి మాస్టారూ.”

అందులోంచి పల్లీలు ఊడదీసి, చుట్టూ పేర్చాడు.

“ఇవి మనిషి లేని పడవలు. పొడవుగా, నీళ్లకి అంటుకుపోయి వస్తాయి. రాడార్‌కి అలలాగే కనబడతాయి. ముక్కులో మందుగుండు, నెత్తిన కెమెరా. నడిపేవాడు ఎక్కడో గదిలో కూర్చుని టీ తాగుతుంటాడు. ఒకటి కొడతాం, రెండు కొడతాం. ఇన్ని ఒకేసారి వస్తే?”

“తినే వస్తువుతోని ఆటలేంది,” అని అక్క నా చెవిలో అంది.

“మా రోజుల్లో ఓడని ముంచాలంటే ఓడ కావాలండి. ఇప్పుడు ఓడ లేనివాడే ముంచేస్తున్నాడు. నల్ల సముద్రంలో చూడండి, చెప్పుకోదగ్గ నౌకాదళం లేని దేశం, అవతలివాళ్ల యుద్ధనౌకల్ని దూరపు రేవులకు తరిమేసింది. ఒడ్డు మీంచి క్షిపణులు, నీళ్ల మీద ఈ పల్లీలు. అంతే.”

నాకు నల్లరేగడి తెలుసు, ఎర్రచెలక తెలుసు. ఆ రెండు రంగుల్లో సముద్రాలుంటాయనీ, రెండింట్లోనూ నిప్పు పండుతుందనీ ఈ వయసులో తెలుసుకోవాల్సి వచ్చింది.

“పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు కదా,” ఆయన అన్నాడు. “ఇప్పుడు పిచ్చుకే బ్రహ్మాస్త్రం అయి కూర్చుంది. దాన్ని కొట్టడానికి మనం వదిలే క్షిపణి ఖరీదుతో అలాంటి పిచ్చుకలు బోలెడు వస్తాయి. మనవి ముందు అయిపోతాయి.”

అక్క అప్పటిదాకా వింటూ ఉండి, అడిగింది.

“యుద్ధపు ఓడకైతె తుపాకులున్నయి సారు. మావాని ఓడల ఎరువు బస్తాలే ఉన్నయి. వాణ్ణెందుకు కొడ్తరు?”

ఆయన కాగితం వైపు చూశాడు.

“దొరుకుతుంది కాబట్టి, అమ్మా.”

తర్వాత ఆయన యుద్ధనౌకను తుంచుకుని తినేశాడు. బాగుందన్నాడు. అక్క మాత్రం ఆ రోజంతా ఇంకో ముక్క ముట్టలేదు. ఓడ అన్న మాటలోనే ఓటమి దాక్కుని ఉందని నాకు తోచింది. ఇలాంటి చమత్కారాలు నోట్లోనే ఉంచుకోవాలని కూడా తోచింది. ఉంచుకున్నాను.

సముద్రం కనబడని గది

విశాఖలో రేవుకు దగ్గర్లో ఒక లాడ్జి. గది పన్నెండు వందలు. సముద్రం కనబడే గదైతే మూడు వందలు ఎక్కువ. అక్క కనబడని గదే కావాలంది. మేనేజరు జీవితంలో ఆ కోరిక విని ఉండడు, మరోసారి అడిగి రాసుకున్నాడు.

ప్రశాంత్‌కు ఓడ దిగడానికి మూడోరోజు పొద్దున దాకా అనుమతి లేదు. మధ్యలో ఒక రోజు మాది. భయంతో గడపాల్సిన రోజు కొత్త ఊళ్లో దొరికితే ఏం చేస్తారో మేమూ అదే చేశాం, ఊరు చూశాం.

ఇడ్లీ నలభై రూపాయలు, చట్నీలు మాత్రం నాలుగు రకాలు. ఇన్ని చట్నీలు పెట్టి ఒక్కదాంట్లోనూ కారం వేయని ఊరు మీద అక్కకు జాలి కలిగింది. సంచీలోంచి మామిడికాయ తొక్కు తీసి బల్ల మీద పెట్టింది. పక్క బల్ల ఆవిడ కొంచెం అడిగి తీసుకుని, నాలిక మీద పెట్టుకుని, మంచినీళ్ల కోసం లేచిపోయింది. బీచ్‌లో మరమరాలు కలిపిన ముప్ఫై రూపాయల మురీ మిక్చర్ తిన్నాం. అందులో నిమ్మకాయ పిండుతారు. అది మాత్రం బాగుందని అక్క కూడా ఒప్పుకుంది.

ఒడ్డున ఒక పాత జలాంతర్గామిని నిలబెట్టి లోపల నడవనిస్తారు. ఒంగి, ఒదిగి నడిచాం. నేను రెండుచోట్ల తల కొట్టుకున్నాను. ఇనుప గొట్టాల మధ్య మనుషులు పడుకునే మంచాలు, ఒకదాని మీద ఒకటి, మా ప్రెస్సులో కాగితాల బీరువా అరల్లా ఉన్నాయి. నాకు ఊపిరాడలేదు. అక్క మాత్రం ఒక మంచం పట్టుకుని నిలబడిపోయింది.

“ఇండ్ల కనీసం మనుషులుండిరి తమ్మీ. కొట్టెటోనికి సుత భయం ఉండె.”

బయటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. భయపడేవాడు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతాడు. పల్లీ ఎందుకు ఆగుతుంది?

రెండో రోజు: నూకరాజు పడవ

ఆ సాయంత్రం చేపల రేవుకు వెళ్లాం. మాకు చేప అంటే చెరువు చేపే. కొర్రమీను అంటే బతికి కొట్టుకుంటూ ఉండాలి. ఇక్కడ బల్లెమంత వంజరం చేపలు మంచు మీద వరసగా పడుకుని ఉన్నాయి. బేరం చేయకుండా కేవలం చూస్తున్న నన్ను చూసి నూకరాజు అనే జాలరి నవ్వాడు. ఎక్కడి నుంచి వచ్చామో అడిగి, రేవు లోపలే ఒక చుట్టు తిప్పుతానన్నాడు. ఇద్దరికీ రెండు వందలు. అక్క ‘దా పోదాం’ అని నాకంటే ముందు ఎక్కింది. కొడుకు రోజూ తొక్కే నీళ్లెలా ఉంటాయో చూడాలనుకుందేమో.

రేవు మూతి దగ్గర అల తగలగానే పడవ పక్కకు ఒరిగింది. పడవతోపాటు నేనూ ఒరిగాను. అంచు పట్టుకుని బిర్రబిగుసుకుపోయాను.

“బొమ్మనాగ కూకున్నారేటి మాస్టారూ,” అన్నాడు నూకరాజు. “పడవ అటొరిగితే మనిషి ఇటొరగాల. అమ్మని సూడండి.”

అక్క ఎడ్లబండ్ల మీద తిరిగిన మనిషి. పడవ కుడికి పోతే ఆమె నడుము దానంతటదే ఎడమకు పోతోంది. తనకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. నేను నేర్చుకోబోయి, మురీ మిక్చర్‌ను బంగాళాఖాతానికి సమర్పించుకున్నాను. తీరం చూస్తే నా భయం తీరుతుందనుకున్నాను గానీ, తీరింది మిక్చరే.

తిరిగొచ్చేటప్పుడు నూకరాజు వాళ్ల బావ సంగతి చెప్పాడు. గల్ఫ్‌లో ఒకరి కింద చేపల వేటకు పోతాడట.

“ఈ మజ్జిన పెద్ద ఓడ దగ్గరికొత్తే మా బావ వలొగ్గేసి నిలబడిపోతాడంట. రెండు సేతులూ ఎత్తేసి, సొక్కా ఇప్పేసి ఊపుతాడంట.”

“ఎందుకు?” అన్నాను.

“సేపల పడవనాగ ఉండే దాంట్లోనే బాంబు ఎట్టి తోలుతున్నారంట కదా. అనుమానం రాకుండా రెండు బొమ్మల్ని కూకోబెడతారంట, జాలరోల్లనాగ. మరి ఓడలో ఉన్న తుపాకోడికి ఏటి తెలుత్తాది, ఇది బొమ్మో మనిసో? బతికున్నామని సూపించుకోవాల.”

అతను మామూలుగానే చెప్పాడు. ఇంజిన్ చప్పుడులో అక్క నా చెయ్యి పట్టుకుంది.

మూడో రోజు: అట్టముక్కలు

పదకొండింటికి ప్రశాంత్ వచ్చాడు. నల్లబడ్డాడు, చెంపలు లోపలికి పోయాయి. “ఏం మామా, బొజ్జ పెంచినవ్,” అన్నాడు. అక్క వాడి మొహం రెండు చేతులతో పట్టుకుని వాసన చూసినట్టు చూసింది. సంతకం పెట్టాల్సిన కాగితం వాడి జేబులో మడిచి ఉంది. సాయంత్రం అయిదు లోపల ఇవ్వాలి.

టీలు తాగాం. అక్క ప్రార్థన చేసింది. చాలాసేపు చేసింది. ఆమేన్ అన్నాక డబ్బా తీసి వాడి ముందు పెట్టింది.

“తియ్యి బిడ్డా. దేవుడేమంటే అదే.”

వాడు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. కళ్లు మూసుకోబోయినవాడు ఆగి, దాన్ని చెవి దగ్గర ఊపాడు.

“ఏందిది, గలగలమంటాంది?”

నా గుండె కూడా అదే చప్పుడు చేసింది. నేను దోపిన అట్టముక్కలు ఏమైనట్టు?

“అండ్ల మీ మామ ఏవో అట్టముక్కలు మరిచిండు, నేనే తీసి పారేసిన,” అంది అక్క.

ప్రశాంత్ మూత తీసి కార్డులను మంచం మీద బోర్లించాడు. పదకొండు. ముప్ఫై ఉండాలి. నేను అక్క వైపు చూశాను. అక్క గోడ వైపు చూసింది. వాడు ఒక్కొక్కటే తిప్పి చదివాడు. ఇల్లు. నీడ. ఇల్లు. తల్లి. విశ్రాంతి. ఇల్లు.

“వంద కార్డులుండె గదా అమ్మా.”

“డెబ్బై నేను తీసిన,” అన్నాను. ఒప్పుకుంటే సగం పాపం పోతుందంటారు. మిగతా సగం కోసం అక్క వైపు చూశాను.

“మిగిలినయి నేను తీసిన,” అంది అక్క. “రాత్రి నువ్వు పండుకున్నంక తమ్మీ. కొన్ని రెండు తీర్లుగ అర్థమైతాన్నయి. నాకు భయమైంది.”

ప్రశాంత్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కార్డులు ఏరి మళ్లీ డబ్బాలో పెట్టాడు.

“నువ్వు నీ నోటితోని వద్దను అమ్మా, సంతకం పెట్ట. దేవుని పేరు చెప్పకు. గని దానికన్న ముందు ఒక్క సంగతి విను.”

పోయినసారి ఆ నీళ్లలో ఉన్నప్పుడు జరిగింది చెప్పాడు. ప్రమాదమున్న చోట ఓడలోకి తుపాకులున్న కాపలావాళ్లు ఎక్కుతారు. దుర్భిణీ పట్టుకుని చూడడం ప్రశాంత్ వంతు. ఒక పొద్దున చేపల పడవ ఒకటి ఓడ వైపే వస్తోంది. లోపల ఇద్దరు కూర్చుని ఉన్నారు, కదలడం లేదు. హారన్ కొట్టారు. చెయ్యి ఎత్తలేదు. కాపలావాళ్లు గురి పెట్టారు. కెప్టెన్ మాట కోసం చూస్తున్నారు.

“అందరు బొమ్మలే అంటాన్లు. నాకు సుత గట్లనే అనిపిచ్చింది. గంతల ఒక అల లేసింది. పడవ అటొరిగింది. ఎన్క కూసున్నాయన ఇటొరిగిండు.”

అక్క తల ఎత్తింది.

“మంచె మీద కూసున్నప్పుడు చూస్తుంటిని గదా అమ్మా. దిష్టిబొమ్మ గాలి ఎటుంటె అటు పోతది. మనిషి ఎదురు ఒరుగుతడు. అందుకే చిలుకలు బొమ్మ నెత్తి మీద కూసుంటయి, నన్ను చూస్తె లేస్తయి. ‘మనుషులే, కొట్టకున్లి’ అని తెలుగుల ఒర్రిన. ఆన్నెవ్వలికి తెలుగు రాదు. అయినా ఆగిన్లు.”

“ఎందుకు చెయ్యెత్తలే మరి?” అన్నాను.

“కూసుండే నిద్రపోతాన్లు మామా, ఒళ్లు దానంతటదే ఒరిగింది. రాత్రంత వేట చేసిన్లు. లేసి మమ్ములను చూసి, అండ్ల ఒకాయన పెద్ద చేపను ఎత్తి పట్టిండు. కొంటరా అన్నట్టు.”

ప్రశాంత్ జేబులోంచి మడిచిన కాగితం తీసి మంచం మీద పెట్టాడు.

“నేను దిగితే ఇంకొకలు వస్తరు. మంచోడే, నాకన్న సముద్రం ఎక్కువ తెలిసినోడే. చేను తెల్వదు. బొమ్మను మనిషనుకుంటె మేం పోతం. మనిషిని బొమ్మనుకుంటె వాళ్లు పోతరు. ఇగ నువ్వు చెప్పు.”

అక్క డబ్బా మూత పెట్టింది, తీసింది, పెట్టింది. నేను ‘వద్దను’ అని లోపల వేడుకుంటున్నాను. ఆమె పెదవి కూడా ఆ మాట కోసమే కదిలింది. కానీ అడిగింది ఇంకోటి.

“ఆ చేప పట్టినాయనకు పిల్లలుంటరా?”

“ఉంటరు కావచ్చు.”

అక్క కళ్లు తుడుచుకుంది. “పోయిరా,” అంది. ఆ తర్వాత రెండో సగాన్ని మాత్రమే మళ్లీ అంది. “రా.”

వెళ్లేముందు ప్రశాంత్ నన్ను ఎగాదిగా చూశాడు. తమ ఓడ డెక్ అంచున కూడా బొమ్మలను నిలబెడతారట, దూరం నుంచి కెమెరాలో చూసేవాడికి కాపలా ఎక్కువుందనిపించడానికి. అన్నింటికీ ఒకటే నారింజ రంగు పని బట్టలు. చూడగానే బొమ్మలని తెలిసిపోతోందట.

“మామా, నీ అంగి ఇయ్యవా? మనిషి లెక్క కనబడుతది.”

నేను వేసుకున్నది ప్రెస్సు చొక్కా, జేబు మీద గులాబీ రంగు సిరా మరక ఉన్నది. వెంట తెచ్చుకున్న ఇంకోటి నిన్న బంగాళాఖాతం పుణ్యమా అని తడిసి ఆరేసి ఉంది. వేసుకున్నదే విప్పి ఇచ్చాను. మా వంశంలో అందరికంటే పిరికివాణ్ణి ఆ విధంగా యుద్ధానికి వెళ్లాను.

నాలుగో రోజు: మక్కచేలు

ఆరేసిన చొక్కాకు వాసన పోలేదు, అందుకని వెనక్కి రావడానికి బీచ్‌లో రెండు వందల యాభైకి ఒక టీషర్టు కొన్నాను. పొట్ట మీద జలాంతర్గామి బొమ్మ. నేను ఊపిరి పీలిస్తే అది తేలుతుంది, వదిలితే మునుగుతుంది. అక్క రెండుసార్లు నవ్వి, తర్వాత కిటికీ వైపు తిరిగింది.

కేసముద్రం ముందర ఒక చేనులో దిష్టిబొమ్మ ఉంది. తెల్ల చొక్కా, కుండ తల. ఇద్దరం ఒకేసారి చూశాం, ఒకే సంగతి కోసం. గాలి వచ్చింది. బొమ్మ గాలితోపాటే ఒరిగింది.

హన్మకొండ

ఓడ విశాఖ వదిలిన తొమ్మిదో రోజు బాణం బూడిద రంగుకు తిరిగి ఆగిపోయింది, కెప్టెన్ యంత్రం ఆపేశాడన్నమాట. మర్నాడు పొద్దున అక్క కేసముద్రం నుంచి రైల్లో వచ్చి, ప్రెస్సులో మెషీను పక్క స్టూలు మీద కూర్చుంది. పెళ్లికార్డులు మడుస్తానంది. ఆ రోజూ, ఆ తర్వాతి రోజూ మడిచింది. ఎవరి పెళ్లో ఆమె చూడలేదు. ఒక్కో కార్డును గోటితో గట్టిగా గీసి మడుస్తుంటే, ఆ చప్పుడుకు నేను ప్రతిసారీ ఫోన్ వైపు చూశాను. డబ్బా తెచ్చుకుంది గానీ తెరవలేదు.

మూడోరోజు పది గంటలకు నా ఫోన్ మోగింది. ఫొటో. డెక్ అంచున కమ్మీకి కట్టిన బొమ్మ, నా చొక్కా, జేబు మీద సిరా మరక. మరక కింద మూడు చిరుగులు, అంచులు నల్లగా కాలి ఉన్నాయి. కింద తెలుగులో నాలుగు ముక్కలు.

‘చిన్న పడవ వచ్చింది. ఇద్దరు కూసున్నరు. ఎదురు ఒరగలె. దూరం ఉండంగనే కొట్టిన్లు, పేలింది. ముక్కలు మా దాంక వచ్చినయి. నేను బొమ్మ ఎన్క ఉన్న మామా, ఏం కాలె.’

అక్కకు చదివి వినిపించాను. చివరి మాట రెండుసార్లు చదవమంది. చదివాను. నా చెయ్యి దానంతటదే నా జేబు కిందికి, పక్కటెముకల మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు, వేసుకున్న చొక్కా తప్ప.

అక్క ఫోన్ తీసుకుని ఆ మూడు చిరుగులనూ వేలితో పెద్దవి చేసి చూసింది.

“అంగి పారెయ్యొద్దని రాయి తమ్మీ,” అంది. “వాణ్ణే తెమ్మను. నేను కుడ్త.”